యాక్సిల్ బూట్ చిరిగింది, జాయింట్ ఊడి రావట్లేదు

పాతబండి: పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ. ఎడమ ముందు చక్రం వైపు యాక్సిల్ బూట్ (జాయింట్ మీద గ్రీజు కారకుండా ఉండే రబ్బరు తొడుగు) చిరిగి రిమ్ లోపలంతా గ్రీజు చిమ్మింది. గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే షాఫ్ట్ బయటికి తీసి వైస్‌లో బిగించాను. చక్రం వైపు జాయింట్‌ని సుత్తితో ఎంత కొట్టినా కదలట్లేదు. వీడియోల్లో రెండు దెబ్బలకే వచ్చేస్తోంది. కొత్త బూట్ ఎక్కించేదెలా?

నాలుగుపానాలు: ఏ బండి?

కొండదారి: ముందు బండి దేని మీద నిలబెట్టారో చెప్పండి. ఒక్క జాక్ మీద ఉంచి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. షాఫ్ట్ లేకుండా చక్రం బిగించి బండిని అటూ ఇటూ తొయ్యొద్దు. హబ్ (చక్రం బిగించే భాగం) బేరింగ్‌ను బిగించి పట్టేది షాఫ్టూ నట్టే. అవి లేకుండా బరువు పడితే బేరింగ్ పోతుంది.

చేతిసంచి: షాఫ్ట్ మొత్తం మార్చెయ్యండి.

కొండదారి: జాయింట్ బాగుంటే ఎందుకండీ పారెయ్యడం? చవకరకం షాఫ్ట్ వేస్తే స్పీడులో వణుకు మొదలవ్వొచ్చు.

నల్లగ్రీజు: మామూలు బేరింగ్ గ్రీజు మాత్రం కుక్కకండి. చక్రం వైపు జాయింట్‌కి మాలిబ్డినం ఉన్న నల్ల గ్రీజే కావాలి. కిట్‌లో రెండు రకాలిస్తే కలపొద్దు, ఒకటి బయటిదానికి (చక్రం వైపు), ఒకటి లోపలిదానికి (గేర్‌బాక్స్ వైపు). ట్యూబులో ఉన్నంతా పెట్టాలి, తగ్గించొద్దు.

మీటరుబోర్డు: అది యాక్సిల్ కాదు, డ్రైవ్ షాఫ్ట్.

నల్లగ్రీజు: కొట్లో యాక్సిల్ బూట్ అంటేనే ఇస్తారు. లోపలిదా, బయటిదా అన్నది మాత్రం చెప్పి తీరాలి, కొలతలు వేరు.

పాతబండి: స్విఫ్ట్, పెట్రోలు. రాయలేదా?

నాలుగుపానాలు: అయితే సుత్తి పక్కన పెట్టండి. చక్రం వైపు జాయింట్ విప్పొద్దని సుజుకీ సర్వీసు మాన్యువల్లోనే ఉంటుంది. గేర్‌బాక్స్ వైపు నుంచి రావాలి. లోపలి బూట్ పెద్ద క్లాంపు తీసి జాయింట్ మీది ఇనప కప్పు లాగండి. కప్పులోంచి బయటపడే జాయింట్ ముక్కకీ షాఫ్ట్‌కీ పెయింటుతో గుర్తు పెట్టండి, పంచ్‌తో గాటు వద్దు. మూడు రోలర్ల రకమైతే అవి జారిపోకుండా టేప్ చుట్టండి. షాఫ్ట్ కొనలో ఆ ముక్కను పట్టి ఉంచే స్నాప్ రింగ్ తీసి పుల్లర్‌తో లాగితే ముక్క వచ్చేస్తుంది. లోపలి బూట్, దాని వెనక చిరిగినది, రెండూ అటునుంచే బయటికొస్తాయి. ఎలాగూ తీస్తున్నారు కాబట్టి లోపలిదీ కొత్తది వెయ్యండి.

బయటి జాయింట్‌ని వంచుతూ ఒక్కో బంతినీ తుడవండి. బంతి నడిచే దారిలో వేలికి గుంట తగిలినా, తిప్పితే కరకరలాడినా జాయింట్ పోయినట్టే, బూట్ మార్చినా మలుపుల్లో టక్‌టక్ ఆగదు. బూట్‌ని కిరోసిన్‌తో కడగొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ఎక్కించేటప్పుడు షాఫ్ట్ పళ్ల మీద టేప్ చుట్టండి, లేకపోతే బూట్ అంచు కోసుకుపోతుంది. చిన్న క్లాంపు బిగించేముందు ఆ అంచు కింద స్క్రూడ్రైవర్ కొన దూర్చి లోపలి గాలి సర్దుకోనివ్వండి. బూట్ లోపలికి పీల్చుకుపోయి ఉంటే ముడతల దగ్గర మళ్లీ చిరుగుతుంది.

చేతిసంచి: క్లాంపు లేకపోతే ప్లాస్టిక్ టై చాలు.

నాలుగుపానాలు: చాలదు. కొన్నాళ్లకే సడలి గ్రీజు కక్కుతుంది.

పాతబండి: రింగ్ గ్రీజులో మునిగిపోయి ఉంది, అందుకే కనపడలేదు. వచ్చేసింది. థాంక్స్ అన్నా.

కొండదారి: హబ్ నట్టు కొత్తది తెచ్చారా? అంచు నొక్కి లాక్ చేసే రకం, పాతది మళ్లీ వాడొద్దు. షాఫ్ట్ లాగినప్పుడు కారిన గేర్ ఆయిల్ నింపారా?