మూడు చక్రాల జెట్ బండి రికార్డు కారు లెక్కలోకి వస్తుందా?

పాతసైకిల్:
క్రెయిగ్ బ్రీడ్‌లవ్ 1963లో గంటకు 655 కిలోమీటర్ల వేగంతో కారు నడిపి ప్రపంచ రికార్డు సాధించారని ఒకచోట చదివాను. అసలది కారు రికార్డే కాదని ఇంకోచోట ఉంది. ఏది నిజం? పైగా ఆ బండిలో ఇంజిన్ చక్రాలను తిప్పదట. మరి చక్రాలెందుకు? తెలిసినవారు కాస్త విడమరచి చెప్పండి.

జెట్‌తాత:
రెండూ నిజమే. ఆగస్టు 5న అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో ‘స్పిరిట్ ఆఫ్ అమెరికా’ ఆ వేగం అందుకుంది. కానీ కారంటే కనీసం నాలుగు చక్రాలుండాలి, వాటిలో రెండైనా ఇంజిన్‌తో తిరగాలి అన్నది కారు రికార్డులు చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ అప్పటి నిబంధన. దీనికున్నవే మూడు! మోటారు సైకిళ్ల సంస్థ ఎఫ్‌ఐఎం మాత్రం సంతోషంగా తన పద్దులో రాసుకుంది.

చక్రాల సంగతి. విమాన ఇంజిన్ల మరమ్మతులోనే జుట్టు నెరిసినవాడిని కాబట్టి చెబుతున్నాను. ఇంజిన్ వేడిగాలిని వెనక్కి చిమ్ముతుంటే బండి ముందుకు దూసుకుపోతుంది. చక్రాలు బరువు మోస్తాయి, దారి తప్పనివ్వవు, అంతే. అందులో బిగించింది సైన్యం వదిలించుకున్న జె47 జెట్ ఇంజిన్. 1965 యుద్ధంలో పాకిస్తాన్ మన మీదికి పంపిన సేబర్ యుద్ధవిమానాల్లో ఉన్నదీ ఆ రకమే.

నన్నడిగితే వీటిని పరుగెత్తించడం తేలిక, ఆపడమే కష్టం. 1964 అక్టోబరు 15 సంగతి చూడండి. గంటలోపు అటొకసారి, ఇటొకసారి పోవాలి, రెండింటి సగటే రికార్డు. రెండో పరుగు ముగిశాక బ్రీడ్‌లవ్ బండిని ఆపే పారాచూట్ వదిలితే అది తెగిపోయింది. అదనపుదీ ఆదుకోలేదు. బ్రేకులు తొక్కితే మాడిపోయాయి. బండి టెలిఫోన్ స్తంభాన్ని విరగ్గొట్టుకుంటూ పోయి, గట్టు మీదనుంచి ఎగిరి, ఉప్పునీటి మడుగులో ముక్కు గుచ్చుకుని పడింది. తోకొక్కటే పైకి కనబడుతోంది. మనిషి ఈదుకుంటూ ఒడ్డుకు చేరి, ఇక తర్వాతి విన్యాసం ఒంటికి నిప్పంటించుకోవడమే అని నవ్వించాడు! సగటు 846.97 కిలోమీటర్లు. రికార్డు దక్కింది, బండి పోయింది.

కొలతలమ్మ:
తాతగారూ, లీ బ్రీడ్‌లవ్‌ను మరిచిపోతే ఎలా? 1965 నవంబరు 2న కొత్త బండి ‘సోనిక్ 1’తో క్రెయిగ్ 893.97 సాధించారు. మైదానం వాడుకునే గడువు ఇంకా మిగిలే ఉంది. వదిలేస్తే ప్రత్యర్థి ఆర్ట్ ఆర్ఫన్స్ ‘గ్రీన్ మాన్‌స్టర్’తో దిగిపోతాడు. అందుకని 4వ తేదీన భార్య లీని అదే బండిలో కూర్చోబెట్టారు. ఆమె 496 కిలోమీటర్ల వేగంతో మహిళల రికార్డు కొట్టింది. మైదానం ఆపి ఉంచడానికి వేసిన ఎత్తే అయినా, అంత వేగంలో స్టీరింగు పట్టుకున్నది ఆమే కదా! ఇంత చేసినా ఆర్ఫన్స్ 7న 927.87 కొట్టేశాడు. 15న క్రెయిగ్ 966.57తో జవాబిచ్చారు. అది 1970 దాకా నిలిచింది.

పాతసైకిల్:
ఇద్దరికీ ధన్యవాదాలు. సోనిక్‌కు నాలుగు చక్రాలున్నా వాటినీ ఇంజిన్ తిప్పదు కదా, ఎఫ్‌ఐఏ ఎలా ఒప్పుకుంది?

జెట్‌తాత:
ఒప్పుకోక ఏం చేస్తుంది? 1964 జులైలో డొనాల్డ్ క్యాంప్‌బెల్ ఆస్ట్రేలియాలో చక్రాలు తిప్పే బండితో 648.73 చేస్తే ఎఫ్‌ఐఏ రికార్డు ఇచ్చింది. అప్పటికి ఏడాది కిందటే బ్రీడ్‌లవ్ అంతకన్నా వేగంగా పోయి ఉన్నాడాయె! నలుగురూ నవ్వరా? ఆ డిసెంబరులో ఎఫ్‌ఐఏ, ఎఫ్‌ఐఎం పారిస్‌లో కూర్చుని రాజీపడ్డాయి. చక్రాల మీద నడిచేదైతే చాలు, ఇంజిన్ తిప్పినా తిప్పకపోయినా, ఎవరి పద్దులో ఎక్కువ వేగం ఉంటే అదే రికార్డు.