అయిదు ఫోటాన్లు: ఎక్స్-రే మూలం అనొచ్చా, అనకూడదా?

చుక్కలవేట:
ఆకాశాన్ని ఎక్స్-రేలలో చూసే చంద్రా టెలిస్కోప్ పాత డేటా ఒకటి దింపుకుని చూస్తున్నాను. ఒక గెలాక్సీ ఉన్నచోట 5 × 5 పిక్సెళ్ల గడిలో అయిదు ఫోటాన్లు పడ్డాయి. చుట్టుపక్కల లెక్కగడితే అంత గడికి నేపథ్యం (ఏ మూలమూ లేకపోయినా ఊరికే పడేవి) సగటున ఒక్క ఫోటానే. సిగ్మా, అంటే మామూలు ఆటుపోటు, సగటుకి వర్గమూలం. ఒకటికి వర్గమూలం ఒకటి, అదనంగా వచ్చినవి నాలుగు, అంటే నాలుగు సిగ్మా. అయినా మూలాలను వెతికిపెట్టే వేవ్‌డిటెక్ట్ ప్రోగ్రాం దీన్ని పట్టించుకోనేలేదు. మూలాల జాబితాలు, అంటే క్యాటలాగులు కట్టేవాళ్లు ఉత్తుత్తి మూలాలు దూరతాయన్న భయంతో మంచివాటిని కూడా పారబోస్తున్నారని నా అభిప్రాయం. హద్దు సడలిస్తే తప్పేంటి?

లెక్కలపిచ్చి:
హద్దు సంగతి తర్వాత, ముందు ఆ నాలుగు సిగ్మా తీసేయండి. సగటు ఒకటి ఉన్నచోట గంట ఆకారపు గాసియన్ వక్రరేఖ పనిచేయదు. ఫోటాన్లు ఒక్కొక్కటిగా పడతాయి, సున్నా కంటే తక్కువ పడవు. కాబట్టి కుడివైపు తోక పొడుగ్గా సాగుతుంది. ఇక్కడ వాడాల్సింది ఇలా ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాటికి సరిపోయే పాయిజాన్ విభాజనం.

సగటు 1 అయితే, అయిదు లేదా అంతకంటే ఎక్కువ ఫోటాన్లు ఊరికే పడే సంభావ్యత 0.0037. మీ నాలుగు సిగ్మా చెప్పేది 0.00003. నూరు రెట్లకు పైగా తేడా!

ఇప్పుడు మీరు ఎన్నిచోట్ల చూశారో లెక్కేయండి. 1024 × 1024 చిత్రంలో అలాంటి గడులు సుమారు 42,000. అందులో ఏ మూలమూ లేకపోయినా, అయిదు లేదా అంతకంటే ఎక్కువ ఫోటాన్లు పడ్డ గడులు 150 దాకా కనబడతాయి. మీది 151వది కాదని ఎలా చెబుతారు?

పాతకాపు:
అదీ మాట. ఆ చిత్రంలో ఉత్తుత్తివి ఒకటికి మించకూడదంటే ఎనిమిది ఫోటాన్లు కావాలి. ఏడు పెడితే మూడు నాలుగు దూరతాయి. వేవ్‌డిటెక్ట్‌లో చాలామంది హద్దును, అంటే ఒక్కో పిక్సెల్ దగ్గర తప్పు జరిగే అవకాశాన్ని, పది లక్షల్లో ఒకటిగా పెట్టేది కూడా ఇందుకే. పది లక్షల పిక్సెళ్లున్న చిత్రానికి సుమారుగా ఒక్క తప్పు. అది పిరికితనం కాదండీ, బాధ్యత. క్యాటలాగ్‌లో ఒకసారి పేరెక్కితే పదిమంది దాని మీద పేపర్లు రాస్తారు, పెద్ద టెలిస్కోపుల మీద గంటలకు గంటలు అడుగుతారు. నేనూ ఒకప్పుడు ఆరు ఫోటాన్లను పట్టుకుని వేలాడాను. తర్వాతి అబ్జర్వేషన్‌లో అక్కడ ఏమీ లేదు.

గవాక్షం:
పాతకాపు గారు ఒకవైపే చూపిస్తున్నారు. ఎనిమిది దగ్గర గీత గీస్తే పోయేదెంతో కూడా చెప్పాలి కదా? నిజంగా సగటున నాలుగు ఫోటాన్లు పంపే మూలం ఉందనుకోండి. నేపథ్యంతో కలిపి అయిదు. అది ఎనిమిదిని అందుకునే అవకాశం 13 శాతమే. అంటే అలాంటివి వంద ఉంటే 87 మన కంట పడవు.

పైగా పడ్డ ఆ 13 గురించి మనం అబద్ధం చెబుతాం. నిజం నాలుగైతే, క్యాటలాగ్‌లో ఏడు అనో ఎనిమిది అనో రాస్తాం, ఎందుకంటే అదృష్టం కొద్దీ పైకి ఎగిసినవే గీత దాటాయి. దీన్ని ఎడింగ్టన్ బయాస్ అంటారు. కఠినమైన హద్దు పెట్టినంత మాత్రాన క్యాటలాగ్ శుభ్రమైపోదు.

నేనైతే ముందున్న అంచనాను డేటా చూశాక సవరించుకునే బేయీస్ పద్ధతిలో చూస్తాను. ఆ గడిలో నాలుగు ఫోటాన్ల మూలం ఉంటే సరిగ్గా అయిదు పడే సంభావ్యత 0.175, లేకపోతే 0.003. నిష్పత్తి 57. గుడ్డిగా ఎంచుకున్న గడిలో మూలం ఉండే అవకాశం వెయ్యిలో ఒకటి అనుకుంటే, ఫోటాన్లు చూశాక అది 5 శాతం దాకా పెరుగుతుంది. అంతే. కానీ అక్కడ చురుకైన కృష్ణబిలం ఉన్న గెలాక్సీ ఉండొచ్చని ముందే తెలిసి, పదిలో ఒకటి అనుకుంటే 86 శాతం! అవే అయిదు ఫోటాన్లు. చుక్కలవేట గారు గెలాక్సీ ఉన్నచోట అని రాశారు, దాన్ని మీరిద్దరూ పట్టించుకోలేదు.

పాతకాపు:
ఆ పదిలో ఒకటి ఎక్కడినుంచి వచ్చింది? మీ మనసులోంచి. ముందే నమ్మేసి, తర్వాత డేటాతో తథాస్తు అనిపించుకోవడం ఇది.

లెక్కలపిచ్చి:
బేయీస్ పేరెత్తకుండానే గవాక్షం గారి మాటలో సగం నిలబడుతుంది. ఫోటాన్లు చూడకముందే 40 గెలాక్సీల జాబితా చేతిలో ఉంటే, మనం చూసేది 42,000 చోట్ల కాదు, 40 చోట్ల. నలభై గడుల్లో ఉత్తుత్తిగా అయిదు, ఆపైన పడేవి సగటున 0.15. అప్పుడు అయిదు ఫోటాన్లు చాలు.

ఇంకోటి, నేపథ్యం కచ్చితంగా ఒకటే అని మనమంతా అనుకుంటున్నాం. గడికి ఇరవై రెట్ల వలయంలో 20 ఫోటాన్లు లెక్కపెట్టి ఆ ఒకటి తెచ్చామనుకోండి. ఆ 20లోనే నాలుగున్నర అటూఇటూ ఉంటుంది. నేపథ్యం నిజంగా 1.22 అయితే 0.0037 కాస్తా 0.008 అవుతుంది. ఈ తలనొప్పి లేని దారి ద్విపద విభాజనం, అంటే ప్రతి ఫోటాన్ గడిలో పడిందా, బయట పడిందా అన్న రెండే దారులున్న లెక్క. మొత్తం 25 ఫోటాన్లు, ప్రతిదీ గడిలో పడే అవకాశం 21లో ఒకటి, అయిదు పడతాయా? జవాబు 0.006. నేపథ్యం విలువ ఊహించాల్సిన పనే లేదు.

గవాక్షం:
చంద్రా చాలాకాలం ఒకేచోట చూసిన ఆకాశపు ముక్క చంద్రా డీప్ ఫీల్డ్ సౌత్. అక్కడ చేసింది సరిగ్గా ఇదే. 70 లక్షల సెకన్లు, అంటే దాదాపు 81 రోజుల పరిశీలన. 2017లో వచ్చిన ఆ క్యాటలాగ్‌కి ముందు వేవ్‌డిటెక్ట్‌ను లక్షలో ఒకటికి సడలించి, దొరికినవాటిని ద్విపద లెక్కతో వడకట్టారు. ప్రధాన జాబితాలో 1008 మూలాలు. హద్దు దాటకపోయినా పరారుణ కాంతిలో ప్రకాశవంతమైన గెలాక్సీ జతగా ఉన్న 47 మూలాలను విడిగా అనుబంధ జాబితాలో పెట్టారు. పారేయలేదు, కలిపేయలేదు. ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఏముంది?

పాతకాపు:
ప్రకాశవంతమైన అన్న మాట దగ్గర ఆగండి. అదే ఆకాశంలో హబుల్ టెలిస్కోప్ తీసిన చాలా లోతైన చిత్రం, హబుల్ అల్ట్రా డీప్ ఫీల్డ్ ఉంది. సుమారు 11 చదరపు ఆర్క్‌మినిట్లలో (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, ఆర్క్‌సెకను అందులో అరవయ్యో వంతు) దాదాపు 10,000 గెలాక్సీలు. అంటే నాలుగు చదరపు ఆర్క్‌సెకన్లకు ఒకటి. చంద్రా పిక్సెల్ దాదాపు అర ఆర్క్‌సెకను కాబట్టి మనం మాట్లాడుకుంటున్న గడి ఆరు చదరపు ఆర్క్‌సెకన్లు. అంత లోతైన చిత్రంలో ఎక్కడ వేలు పెట్టినా సగటున ఒకటిన్నర గెలాక్సీ తగులుతుంది! అలాంటి గెలాక్సీ పక్కన ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

అందుకే చుక్కలవేట గారిని సూటిగా అడుగుతున్నాను. ముందు గెలాక్సీ చూశారా, ముందు ఫోటాన్లు చూశారా?

చుక్కలవేట:
ముందు ఫోటాన్లే. అవి కనబడ్డాక హబుల్ చిత్రం తెరిచాను. మసక గెలాక్సీ ఒకటి ఉంది. ఎగిరి గంతేశాను.

లెక్కలపిచ్చి:
అయితే మీకు 40 చోట్ల లెక్క వర్తించదు, 42,000 చోట్లదే. కంగారు పడకండి, అందరం చేసిన పనే. ఎక్స్-రే ఫైలు మూసేసి, కాంతి హద్దు ఒకటి పెట్టుకుని గెలాక్సీల జాబితా మళ్లీ కట్టండి. తర్వాత ఆ స్థానాలన్నిటినీ పది ఆర్క్‌సెకన్లు పక్కకు జరిపి, అక్కడ ఎన్ని గడుల్లో అయిదు, ఆపైన పడ్డాయో లెక్కపెట్టండి. నాలుగు దిక్కులకూ జరపండి. అసలు స్థానాల్లో అంతకంటే బాగా ఎక్కువ వస్తేనే మాట్లాడుకుందాం.

చుక్కలవేట:
జాబితా కట్టాను. 40 గెలాక్సీలే మిగిలాయి. నా అయిదు ఫోటాన్లది మరీ మసక, హద్దుకి అవతల పడింది. జాబితాలోనే లేదు. హద్దు కొంచెం దించుదామా అని చెయ్యి లాగుతోంది, నిజం చెబుతున్నా.

పాతకాపు:
దించకండి.

గవాక్షం:
ఈ ఒక్కచోట పాతకాపు గారితో నేనూ ఏకీభవిస్తాను. అది పోనివ్వండి. ఆ 40 గడులనూ ఒకదాని మీద ఒకటి పేర్చండి, అదే స్టాకింగ్. నేపథ్యం నుంచి 40 ఫోటాన్లు రావాలి, ఆటుపోటు ఆరు పైచిలుకు. ఒకవేళ 70 వస్తే దాదాపు అయిదు సిగ్మా, నలభై దగ్గర ఆ మాట వాడినా పెద్ద నేరం కాదు. ఏ గెలాక్సీ మెరుస్తోందో చెప్పలేరు గానీ, ఈ జాతి గెలాక్సీలు సగటున ఎంత మెరుస్తాయో చెప్పొచ్చు.

పాతకాపు:
దానికి నాకు అభ్యంతరం లేదు. పేర్చేముందు ఎనిమిది, ఆపైన పడ్డ గడులు ఏవైనా ఉంటే పక్కన పెట్టి, వాటితో ఒకసారి, లేకుండా ఒకసారి లెక్క వేయండి. ఒక్క గట్టి మూలం ఉన్నా మిగతా ముప్పై తొమ్మిదీ దాని వెలుగులో మెరిసినట్టే కనబడతాయి.