పది కిలోమీటర్లు కూడా లేని దూరానికి పాతిక కిలోమీటర్ల రైలుమార్గం ఎందుకు?

ప్రశ్న:
దక్షిణ జర్మనీలో, స్విట్జర్లాండు సరిహద్దు పక్కన, వూటాఖ్ నది లోయలోకి దిగే పాత బ్రాంచి లైనులో ఇటీవల ఆవిరి ఇంజను రైలెక్కి బ్లుంబెర్గ్ నుంచి వైట్సెన్ దాకా వెళ్లాను. నేరుగా కొలిస్తే ఈ రెండు స్టేషన్ల మధ్య 9.6 కిలోమీటర్లే ఉండగా, రైలు మాత్రం పాతిక కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఇందాక ఎడమ కిటికీలో కనిపించిన ఊరే కాసేపటికి కుడి కిటికీలోకి వచ్చింది. ఇన్ని మెలికలు ఎందుకో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1:
అది సైన్యం కోసం వేసిన లైనండీ. 1871లో ఫ్రాన్సు నుంచి ఆల్సేస్ ప్రాంతం జర్మనీ చేతికి వచ్చాక అక్కడికి బలగాలను తరలించే దారి అవసరమైంది, కానీ రైన్ నది వెంట అప్పటికే ఉన్న మార్గం స్విట్జర్లాండులోని షాఫ్‌హౌజెన్ మీదుగా పోతుంది, తటస్థ దేశం గుండా సైనిక రైళ్లను నడపడం కుదరదు. అందుకే 1887 నుంచి 1890 వరకు పనిచేసి ఈ చుట్టుదారి కట్టారు. ఫిరంగులతో నిండిన బరువైన రైళ్లు ఎక్కగలగాలి కాబట్టి వాలు నూరు మీటర్లకు ఒక మీటరు మించకూడదన్నారు. రెండు స్టేషన్ల ఎత్తుల్లో తేడా 231 మీటర్లు. నేరుగా వేసి ఉంటే వాలు నూటికి 2.4 మీటర్లు అయ్యేది. ఆ ఎత్తును పలచగా పరచడానికే ఎఫెన్‌హోఫెన్ ఊరిని చుట్టి 264 మీటర్ల వంతెన కట్టారు, స్టాక్‌హాల్డె దగ్గర కొండ కడుపులోనే 1700 మీటర్ల సొరంగాన్ని గుండ్రంగా తిప్పారు. స్థానికులు దీన్ని ‘పందితోక రైలు’ అనడం ఈ మెలికలను చూసే.

జవాబు 2:
పైవారు చెప్పింది నిజమే గాని, అసలు ఆ 231 మీటర్ల తేడా ఎక్కడిదన్నది నాకు ఇంకా ఆసక్తికరం. ఒకప్పుడు ఈ వూటాఖ్ నది బ్లుంబెర్గ్ మీదుగా తూర్పుకు పోయి డాన్యూబులో కలిసేది. సుమారు 20 వేల ఏళ్ల క్రితం, రైన్ వైపు నిటారుగా దిగే ఒక ఉపనది వెనక్కి కోసుకుంటూ వచ్చి దీని నీటిని తనవైపు లాగేసుకుంది. అప్పటినుంచి నది మోచేయిలా మలుపు తిరిగి కింద లోతుగా తవ్వుకుపోతుంటే, నది విడిచిన పాత లోయ పైనే ఉండిపోయింది. బ్లుంబెర్గ్ ఉన్నది అక్కడే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. సైన్యం అవసరం తీరాక మామూలు ప్రయాణికులు దీన్ని వాడేవారా?

జవాబు 1:
తక్కువేనండీ. పక్క ఊరికి పోవడానికి కొండంతా చుట్టి రావడం ఎవరికి గిట్టుతుంది? ఈ మెలికల భాగంలో 1955లోనే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, 1976లో లైనును మూసివేశారు. మరుసటి ఏడాదే మ్యూజియం రైలుగా మళ్లీ తెరిచారు; మీరెక్కింది దాన్నే.