చర్చ: గొంతు నాది, మరి దాని నకలు ఎవరిది?

కృష్ణానగర్ గొంతు (చర్చ ప్రారంభం)

19 ఏళ్లుగా కృష్ణానగర్, యూసుఫ్‌గూడ స్టూడియోలలో డబ్బింగ్ చెబుతున్నాను. సీరియళ్లలో అత్తగారి పాత్రలకు, అనువాద చిత్రాలలో వదిన పాత్రలకు ఎక్కువగా నన్ను పిలుస్తారు. గత నెల మా తోటికోడలు పంపిన ఒక వీడియోలో, శంషాబాద్ వైపు ఏదో వెంచరులో ప్లాటు కొనుక్కోమని ఒక ఆడ గొంతు చెబుతోంది. ఆ గొంతు నాదే, కానీ ఆ మాటలు నేను ఎన్నడూ పలకలేదు. "అయ్యో" అనే ముందు ఊపిరిని కొంచెం మింగడం నాకు చిన్ననాటి ఉబ్బసం మిగిల్చిన అలవాటు. ఎడిటింగులో దాన్ని తీసేయలేక సౌండ్ ఇంజినీర్లు విసుక్కునేవారు. గొంతుకు నకలు తీసే కృత్రిమ మేధ యంత్రం దాన్ని కూడా వదలకుండా నేర్చుకుంది.

పాత కాగితాలు తిరగేస్తే, రెండేళ్ల క్రితం ఒక సంస్థకు నాలుగు గంటల పాటు విడివిడి వాక్యాలు చదివి ఇచ్చిన రోజున, డబ్బుల వోచరుతో పాటు సంతకం చేసిన అగ్రిమెంటు దొరికింది. నా గొంతును అన్ని మాధ్యమాలలో, శాశ్వతంగా, ఏ రూపంలోనైనా వాడుకోవచ్చునన్న అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యం అందులో ఉంది. ఇది చట్టంలో ఉన్న లోపమా, చదవకుండా సంతకం పెట్టిన నా లోపమా? కొత్త చట్టం వస్తే తప్ప దిక్కు లేదని మాలో కొందరు, ఉన్న చట్టాలే చాలునని మరికొందరు వాదిస్తున్నారు. మీరేమంటారు?

సివిల్ కోర్టు వకీలు

మేడం, ఉన్న చట్టాలే చాలునన్నది నా అభిప్రాయం. ఐటీ చట్టంలోని 66సి సెక్షన్ ప్రకారం, మరొకరి పాస్‌వర్డును గానీ, ఎలక్ట్రానిక్ సంతకాన్ని గానీ, వారికే ప్రత్యేకమైన మరే గుర్తింపు లక్షణాన్ని గానీ మోసపూరితంగా వాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. తోటికోడలు వినగానే గుర్తుపట్టిన గొంతు అలాంటి లక్షణం కాదని వాదించడం ఎవరికైనా కష్టమే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అనుమతి లేకుండా ఒక గాయకుడి గొంతును యంత్రంతో పలికించే సాధనాలపై 2024లో అరిజిత్ సింగ్ కేసులో బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంత దూరం వెళ్లనక్కరలేదు, 2025 సెప్టెంబరులో చిరంజీవి గారి పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకుండా మన హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టే ఉత్తర్వు ఇచ్చింది. పరిహారానికి మార్గం ఉంది, తలుపు తట్టాలి అంతే.

కవాడిగూడ పాఠకుడు

వకీలు గారూ, మీరు చెప్పిన ఉత్తర్వులన్నీ పేరున్నవారివే, అది గమనించారా? ఆ కేసులలో కోర్టు కాపాడుతున్నది ప్రధానంగా ప్రఖ్యాతికి ఉన్న బజారు విలువను. ఈ మేడం గొంతును లక్షల ఇళ్లలో రోజూ వింటారు, కానీ ఆమె పేరు పక్కవీధి వారికి కూడా తెలియదు. తెరమీద ముఖం వేరొకరిది, కింద వేసే పేర్లలో కూడా డబ్బింగ్ చెప్పినవారి పేరు కనబడడం అరుదు. ప్రఖ్యాతే లేనిచోట ఆ హక్కును ఏ ఆధారంతో నిలబెడతారు?

ఇక 66సి సంగతి. అది మోసపూరితంగానో, దురుద్దేశంతోనో వాడినప్పుడే వర్తిస్తుంది. ఎదుటివారు మొదటి వాయిదాలోనే ఆ అగ్రిమెంటును తీసి చూపిస్తారు. దొంగతనం జరిగిందా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు, ఇచ్చిన సమ్మతి ఎంతవరకు వెళుతుందన్నదే ప్రశ్న. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలులో ఉన్న ఒక చట్టం సరిగ్గా ఈ చోటనే చేయి పెట్టింది. మనిషి స్వయంగా చేయవలసిన పనికి బదులుగా అతని డిజిటల్ నకలును వాడుకుంటామని ఒప్పందంలో రాసుకుని, ఆ వాడకం ఏమిటో తగినంత స్పష్టంగా చెప్పకపోతే, పైగా సంతకం చేసేటప్పుడు వారి తరఫున న్యాయవాది గానీ కార్మిక సంఘం గానీ లేకపోతే, ఆ నిబంధన చెల్లదు. మనకు కావలసింది ఇలాంటి ఒక్క వాక్యమే.

మిమిక్రీ మనిషి

నా భయం వేరే. గొంతును ఆస్తిగా రాసిపెడితే రేపు మాలాంటివాళ్లు పెళ్లి వేదిక మీద ఒక హీరో డైలాగు చెప్పాలన్నా అనుమతి పత్రం తేవలసి వస్తుంది. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారికి 2001లో పద్మశ్రీ ఇచ్చింది ఇతరుల గొంతులు పలికినందుకే కదా! రాజకీయ నాయకుల మీద వ్యంగ్యం చేసేవారి నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి చట్టం ఇంకొకటి దొరకదు.

కృష్ణానగర్ గొంతు

మీ భయం సబబే, అందుకు మినహాయింపు రాయవలసిందే. అయితే వేణుమాధవ్ గారు పలికినప్పుడు ఎదుట కూర్చున్నవారికి అది వేణుమాధవ్ అని తెలుసు, ఆయన ఖర్చు పెట్టినది తన కంఠాన్నే. ప్లాటు కొనమన్న ఆ వీడియో విన్నవారికి అది ఎవరూ పలకని మాట అని తెలియదు. నాకు రావలసిన ఒక పూట పని కూడా ఆ యంత్రానికి పోయింది.

ఫిలింనగర్ పాతకాపు

బతికి ఉన్నవారి గురించి ఇంత వాదిస్తున్నారు సరే, పోయినవారి మాటేమిటి? ఒక తెలుగు చిత్రంలో బాలు గారి గొంతును కృత్రిమ మేధతో పలికించారని ఆయన కుటుంబం 2024లో నోటీసు పంపింది. అదే ఏడాది రెహమాన్ మాత్రం ఇద్దరు దివంగత గాయకుల గొంతులను వారి కుటుంబాల అనుమతితో, డబ్బు చెల్లించి వాడుకున్నారు. ఒకరు మర్యాద పాటించారు, కానీ చట్టం వారిని అలా చేయమని అడగలేదు. దివంగత హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో, పేరు, రూపం లాంటి వాటి మీది హక్కులు మనిషితోనే పోయాయని 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కాపీరైటు చట్టంలో కళాకారుడి ప్రదర్శనకు 50 ఏళ్ల రక్షణ ఉంది గానీ, అది పాడిన పాటకే తప్ప పాడని పాటకు కాదు.

సివిల్ కోర్టు వకీలు

కవాడిగూడ పాఠకుడి వాదనలో ఒక భాగం ఒప్పుకుంటాను. కాపీరైటు చట్టంలో, ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి ప్రత్యేకంగా రాయనిదే హక్కు బదిలీ కాదన్న నియమం ఉంది, అది ప్రదర్శకులకూ వర్తిస్తుంది. కానీ రెండేళ్ల క్రితం ఈ సాంకేతికత అప్పటికే వాడుకలో ఉంది కాబట్టి అది ఈ మేడంకు పెద్దగా అక్కరకు రాదు. "శాశ్వతంగా" అని రాసుకున్నారు కనుక, గడువు రాయకపోతే ఐదేళ్లే చెల్లుతుందన్న నియమమూ పనికిరాదు. సంతకం పెట్టడానికి ముందే కాపాడే కొత్త చట్టం ఉంటే మేలేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈలోగా ఒక పని చేయండి. వాట్సాప్‌లో చేతులు మారిన కాపీని నమ్ముకోవద్దు, ప్రకటన మొదట కనబడిన పేజీ లింకును, తేదీని, ఫైలును భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి సంకేతం, రాయవలసి ఉంటుంది. 2026 ఫిబ్రవరి నుంచి కృత్రిమంగా సృష్టించిన ధ్వనికి ఆ సంగతి తెలిపే లేబుల్ తప్పనిసరి. ఆ వీడియోలో లేబుల్ లేకపోతే అది కనబడిన ఆన్‌లైన్ వేదిక ఫిర్యాదుల అధికారికి ముందుగా రాయవలసింది అదే.

కృష్ణానగర్ గొంతు

చూశాను, లేబుల్ లేదు. లింకు దాచాను, ఫిర్యాదు రాశాను. గురువారం ఇంకో సంస్థ నాలుగు పేజీల అగ్రిమెంటు ఇచ్చింది. మూడో పేజీలో మళ్లీ అదే వాక్యం కనబడితే, "ఈ చిత్రంలోని ఈ పాత్రకు మాత్రమే, యంత్రానికి నేర్పడానికి కాదు" అని దాని పక్కన తెలుగులో రాసి సంతకం పెట్టాను. మేనేజరు కాగితం తీసుకుని లోపలికి వెళ్లాడు, అరగంటైనా బయటికి రాలేదు. ఆ పాత్రకు ఇంకొకరిని పిలిచారని నిన్న తెలిసింది.