కారం కూరలతో తియ్యటి వైట్ వైనా?

ఫ్రాంక్‌ఫర్ట్_రొయ్య
శనివారం మా ఇంట్లో పది మందికి భోజనం. ఆరుగురు మనవాళ్ళు, నలుగురు ఆఫీసువాళ్ళు. రొయ్యల ఇగురు, కోడి వేపుడు, గోంగూర పప్పు, పెరుగన్నం. జర్మనీ మోజెల్ లోయలో చేసే వైట్ వైన్, రీస్లింగ్ కాబినెట్ (రీస్లింగ్ ద్రాక్ష పేరు, కాబినెట్ అంటే తేలిక రకం) నాలుగు సీసాలు తెద్దామనుకున్నా, కాస్త తీపి తగిలేది. నాకదే ఇష్టం. ఆఫీసులో వైన్ గురించి బాగా తెలిసిన ఒకాయన ‘తియ్యటిది తెలియనివాళ్ళు తాగేది, మంచి డ్రై షార్డొనే పెట్టు’ అన్నాడు, అంటే తీపి లేని వైట్ వైన్. ఆయన కూడా వస్తున్నాడు. ఏం చేయమంటారు? పరువు సంగతి.

కాకినాడ_కాజా
ఆయన చెప్పిందే రైట్. కోడి వేపుడు పక్కన పానకం పెడతామా బ్రో?

ద్రాక్షపాదు
కాజా గారూ, రీస్లింగ్‌లో తీపితో పాటు పులుపు గట్టిగా ఉంటుంది, అందుకే పానకంలా వెగటు పుట్టదు. గోంగూర పక్కన పులుపు తక్కువున్న వైన్ పోస్తే చప్పగా, నీళ్ళలా తగులుతుంది. రీస్లింగ్ నిలబడుతుంది.

అసలు చిక్కు కారంతో. ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ నోట్లో మంట పెరుగుతుంది. ఓసారి మా ఇంట్లో నాటుకోడి పులుసుతో కాలిఫోర్నియా షార్డొనే పోశాను. 14.5 శాతం, ఓక్ పీపాలో ఉంచింది. విడిగా తాగితే వెన్న వాసనతో అద్భుతం. పులుసు తిన్నాక రెండో గుక్కకే అందరూ మజ్జిగ అడిగారు. కాబినెట్‌లో సాధారణంగా 8, 9 శాతమే ఉంటుంది. చక్కెరంతా ఆల్కహాల్‌గా మారకముందే పులియడం ఆపేస్తారు. ఆ మిగిలిన తీపే కారాన్ని లొంగదీస్తుంది.

తీపంటే చులకన ఎందుకంటే, 1970, 80లలో లీబ్‌ఫ్రౌమిల్ష్ అనే చవక తియ్యటి జర్మన్ వైన్ బ్రిటన్‌ను ముంచెత్తింది. ఆ మచ్చ మంచి రీస్లింగ్‌కీ అంటుకుంది.

ఒక జాగ్రత్త. కాబినెట్ అని ఉన్నా పక్కన ‘ట్రోకెన్’ అని ఉంటే అది డ్రై. ‘ఫైన్‌హెర్బ్’ అంటే ఓ మోస్తరు తీపి. ఏమీ రాయకపోతే ఆల్కహాల్ శాతం చూడండి: 8, 9 అయితే తియ్యన, 12 దగ్గరకొస్తే దాదాపు డ్రై.

కాకినాడ_కాజా
ఇగురు సంగతి ఒప్పుకుంటా. కానీ భోజనానికి ముందు గంటసేపు అప్పడాలు, జీడిపప్పు నములుతూ కబుర్లు చెప్పుకునేటప్పుడు? అప్పుడు కారమెక్కడుంది? రెండో గ్లాసుకే తీపి మొహం మొత్తుతుంది.

చక్కెర_లేని_కాఫీ
ఆడదాన్ని గనక తియ్యటిదే ఇష్టమనుకుని ప్రతి పార్టీలో నాకదే పోస్తారు, విసుగొచ్చింది. నాకు తీపి పడదు. న్యూజిలాండ్ మార్ల్‌బరో సోవిన్యాన్ బ్లాంక్ నా ప్రాణం. అప్పుడే కోసిన గడ్డి వాసన కొందరికి నచ్చదు, నాకు అదే కావాలి.

ద్రాక్షపాదు గారూ, ‘డ్రై మాత్రమే తాగాలి’ అనేది రూలైతే, ‘కారం ఉంటే తియ్యటిదే’ అన్నదీ రూలే కదా? మంట కోసమే పచ్చిమిరపకాయ కొరుక్కునే వాళ్ళున్న జాతి మనది. మంట తగ్గాలని ఎవరన్నారు? తీపి వద్దు, మంటా మరీ ఎక్కువ వద్దు అనేవాళ్ళకు ఫ్రాన్స్ మస్కడే ఉంది. డ్రై, 12 శాతం దగ్గర, ఓక్ వాసన ఉండదు. అక్కడ ఆల్చిప్పలతో తాగుతారు, మన రొయ్యలకు కొత్తేమీ కాదు.

ద్రాక్షపాదు
అక్కా, దొరికిపోయాను. నేనూ రూలే చెప్పాను. అయినా పది మందికి ఒకటే రకం కొనాల్సి వస్తే రీస్లింగే కొంటాను. రొయ్య గారూ, ఏది కొన్నా వడ్డించే ముందు పదిహేను నిమిషాలు ఫ్రిజ్ బయట పెట్టండి. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు.

ఫ్రాంక్‌ఫర్ట్_రొయ్య
నిన్న మిగిలిన ఇగురుతో రీస్లింగ్, షార్డొనే రెండూ తెరిచి చూశాం. షార్డొనేకి మా ఆవిడ దగ్గింది, రీస్లింగ్ ఇంకొంచెం పొయ్యమంది. కాబట్టి కాబినెట్ మూడు, అప్పడాల వేళకి మస్కడే రెండు. ఆఫీసాయనకి షార్డొనే ఒకటి విడిగా పెడతా. ఇగురులో కారం మాత్రం తగ్గించం.