సు షి గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (మల్లేశ్వరం, బెంగళూరు): మా తెలుగు సంఘం సంచికకు చైనా కవి సు షి (1037–1101) మీద ఒక పేజీ రాయాలి. కవిత్వం, చిత్రకళ, దస్తూరీ, పాలన, ఆయన చేయనిదేమీ లేదు. నాకేమో తిండి సంగతే పట్టుకుంది. సలహా ఇవ్వండి.

జవాబు: హువాంగ్‌జౌతో మొదలుపెట్టండి. రాజకీయ కక్షతో 1080లో అక్కడికి పంపేశారు. చేతిలో డబ్బు ఆడని రోజులవి. అక్కడ పంది మాంసం మట్టి ధర. ఉన్నవాళ్లు ముట్టరు, లేనివాళ్లకు వండటం రాదని ఎద్దేవా చేస్తూ రాశాడు. నీళ్లు కొంచెమే పోసి, సన్నని సెగ మీద, తొందరపెట్టకుండా ఉడకనివ్వాలట. మా అమ్మ నాటుకోడికి చెప్పేదీ అదే.

జవాబు: తర్వాత మళ్లీ బహిష్కరిస్తే చేరిన హుయిజౌలో రోజుకు 300 లిచీలు తింటానన్నాడు. కవి లెక్క, నమ్మకండి! తమ్ముడికి రాసిన ఉత్తరమే అసలు విందు. గొర్రె వెన్నెముకలు ఉడకబెట్టి, మద్యం, ఉప్పు చల్లి, కాస్త మాడేలా కాల్చి, సందుల్లోని మాంసం గీరి తినేవాడు. దీంతో కుక్కలకు మాత్రం కోపమట.

జవాబు: తిండిపోతుగానే మిగల్చకండి బాబూ. హాంగ్‌జౌ నగరంలో అధికారిగా ఉన్నప్పుడు అక్కడి పశ్చిమ సరస్సు పూడిక తీయించి, ఆ బురదతోనే గట్టు వేయించాడు. ఈనాటికీ జనం దాని మీద నడుస్తున్నారు. చెరువుల ఊళ్లో ఉన్నారు కదా, ఇది కూడా రాయండి.

ప్రశ్న అడిగినవారు: రాస్తానండి. మొదటి వాక్యం మాత్రం కుక్కలకే.