సమస్యాపూరణం: పండు దినెడివాడు పండు దినడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:
"పండు దినెడివాడు పండు దినడు"
దానిమ్మను దృష్టిలో పెట్టుకుని పూరించండి. శ్లేషతోనో విరుపుతోనో దాటవేయకుండా, వైరుధ్యాన్ని వృక్షశాస్త్రంతోనే విప్పాలని నా కోరిక.

పూరణ 1
గింజ పైన పొరయె కెంపు రసము నిండ
దానినె తినుచుంద్రు తరచు జనులు
ఫలపు గోడ తోలె, పారవైతురు దాని
పండు దినెడివాడు పండు దినడు

వివరణ: మామిడిలో మనం తినేది అండాశయపు గోడ, అంటే అసలైన పండు. దానిమ్మలో ఆ గోడ వగరెక్కి తోలులా గట్టిపడుతుంది. రసమంతా ఒక్కో విత్తనం బయటిపొరలోనే ఉంటుంది.

ఒక సభ్యుడు:
పద్యం బాగుందండీ. కానీ ఆ ఎర్రపొర ఏరిల్ (గింజను చుట్టే అదనపు పొర) కదా, విత్తనపు పొర అనవచ్చా?

పూరణకర్త:
అనవచ్చండీ. ఏరిల్ అయితే విత్తనాన్ని అండాశయానికి కట్టివుంచే కాడ నుంచి పుట్టాలి. జాజికాయను చుట్టుకునే జాపత్రి అలాంటిది. దానిమ్మలో విత్తనపు కవచం వెలుపలి కణాలే బారుగా సాగి రసం నింపుకుంటాయి. ఒక గింజను అడ్డంగా కోసి చూడండి. ఎర్రపొర లోపలి గట్టి పలుకును అంటుకునే ఉంటుంది, జాపత్రిలా విడిగా ఊడిరాదు. పక్క గింజలు ఒత్తడం వల్ల దానికి పలకలు కూడా తేలి ఉంటాయి.

నిర్వాహకుడు:
గిం-కెం, ఫ-పా యతులు చక్కగా కుదిరాయి. 'జనులు' అని మొదలై 'వాడు' దగ్గర ఏకవచనంలోకి దిగినా అన్వయం చెడలేదు.

పూరణ 2
అడుగు గదులు మూడు ఐదారు పైనున్న
వరుసనుండు, గింజ వాని నిండ
గదుల తెరలు విడిచి కైకొను గింజలే
పండు దినెడివాడు పండు దినడు

నిర్వాహకుడు:
గదులు రెండు అంతస్తులుగా ఉండటం దానిమ్మకే చెల్లిన అందం, దాన్ని పట్టుకున్నందుకు అభినందనలు. అయితే 'మూడు ఐదారు' విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. ఉత్వసంధి చేస్తే 'మూడైదారు' అయి గణం చెడుతుంది. పై వరుసలో గదుల లెక్క కూడా కాయకాయకూ మారుతుంది, ఏడు కూడా ఉండవచ్చు. మొదటి పాదం ఇలా మారిస్తే రెండు చిక్కులూ తీరతాయి:
"మూడు గదు లడుగున, మూటికి మించి పై"

పూరణ 3
కాడ యుబ్బి పండు గా దోచు జీడికి
నిజఫలంబు దాని నీడ వ్రేలు
తీపి కాడ కొరికి తెంపి కాయను వైచు
పండు దినెడివాడు పండు దినడు

నిర్వాహకుడు:
దానిమ్మను వదిలి జీడిమామిడికి వెళ్లారు! అయినా విషయం నిజం, ధార కూడా బాగుంది. 'కాయను వైచు' దగ్గర మాత్రం ఆగాను. ఆ కాయలోని పప్పు కోసమే కదా అందరూ దాన్ని దాచుకునేది. 'తెంపి కాయను దాచు' అంటే గణాలు చెడవు, అర్థం నిలుస్తుంది.

మరో సభ్యురాలు:
'వాడు పండు' అన్నచోట 'వాడు వండు' కావాలేమో?

నిర్వాహకుడు:
గసడదవాదేశం (ఇక్కడ 'ప' 'వ'గా మారడం) బహుళం కనుక రెండూ చెల్లుతాయండీ.